మార్నింగ్టన్ పెనిన్సులా: నల్గొండ, పాలమూరు నుంచి మెల్‌బోర్న్ వచ్చేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, వనపర్తి వైపు మెల్‌బోర్న్‌లో పిల్లలున్న ఇళ్ళు చాలానే ఉన్నాయి. వాళ్ళను చూడటానికి వెళ్ళిన అమ్మానాన్నలను సెలవు రోజున తిప్పే చోట్లలో మార్నింగ్టన్ పెనిన్సులా ఒకటి. కొండ మీద ద్రాక్షతోటలు, కింద సముద్రం, ఇసుక దిబ్బల మీద గోల్ఫ్ మైదానాలు. అన్నీ ఒకే రోజు చూసేద్దామని బయల్దేరి, కారులోనే పొద్దంతా గడిపి వచ్చేవాళ్ళే ఎక్కువ. అందుకే కింది జవాబుల్లో ఒక లెక్క పెట్టుకున్నాం: రోజుకు ఒక పెద్ద పని, దాని పక్కన ఒకటో రెండో చిన్నవి. అంతకు మించి వద్దు.

ఇది మెల్‌బోర్న్‌కు ఏ దిక్కున ఉంది? పోవడానికి ఎంతసేపు పడుతది?

నగరానికి దక్షిణాన, కాస్త ఆగ్నేయంగా సముద్రంలోకి చొచ్చుకుపోయిన నేల ఇది. లోపలి వైపు పోర్ట్ ఫిలిప్ బే (అఖాతం), తూర్పున వెస్టర్న్ పోర్ట్ అనే ఇంకో అఖాతం, దక్షిణాన బాస్ స్ట్రెయిట్ అనే తెరిచిన సముద్రం. మెల్‌బోర్న్ నడిబొడ్డు నుంచి మార్నింగ్టన్ ఊరికి సుమారు గంట, తోటలుండే రెడ్ హిల్‌కు గంటంబావు, చివరన ఉన్న సొరెంటో, పోర్ట్‌సీలకు గంటన్నర. డిసెంబర్ 26 నుంచి జనవరి చివరి దాకా, ఈస్టర్ సెలవుల్లో, ఎండాకాలం శుక్రవారం సాయంత్రాల్లో ఈ లెక్క పనిచేయదు.

మొనాష్ ఫ్రీవే మీదుగానో ఈస్ట్‌లింక్ మీదుగానో వెళ్ళి పెనిన్సులా లింక్ హైవే ఎక్కుతారు. 2013లో తెరిచిన పెనిన్సులా లింక్‌కు టోల్ లేదు. ఈస్ట్‌లింక్‌కు, నగరం మధ్యలోంచి పోయే సిటీలింక్‌కు ఉంది. మన దగ్గరిలాగా టోల్ గేటు కనిపించదు, కెమెరా నంబరు ప్లేటు చదివి బిల్లు పంపుతుంది. అద్దె కారైతే టోల్ మీద కంపెనీ తన ఛార్జీ కూడా వేస్తుంది. అదెంతో కారు తీసుకునేటప్పుడే అడగండి.

మా పెద్దోడు టార్నీట్‌లో ఉంటడు. అటు నుంచి చాలా దూరమంటున్నరు, నిజమేనా?

నిజమే. టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్, వెర్రిబీ అన్నీ నగరానికి పడమటి వైపు. అక్కడి నుంచి వెస్ట్ గేట్ బ్రిడ్జి దాటి నగరం మధ్యలోంచి పోవాలి కాబట్టి పై లెక్కకు అరగంట నుంచి ముప్పావు గంట కలుపుకోవాలి.

మీకు ఇంకో దారి ఉంది. జీలాంగ్ వైపు వెళ్ళి క్వీన్స్‌క్లిఫ్ రేవులో కారుతో సహా ఓడ ఎక్కితే 40 నిమిషాల్లో సొరెంటోలో దిగుతారు. ఓడ గంటకొకటి చొప్పున పొద్దున్నుంచి సాయంత్రం దాకా తిరుగుతుంది. దుడ్లు ఎక్కువే అవుతాయి గానీ పెద్దవాళ్ళు కారులో ముడుచుకుని కూర్చునే సమయం తగ్గుతుంది, డాల్ఫిన్లు కనిపించే అవకాశం కూడా ఉంది. సెలవు రోజుల్లో ముందే టికెట్ కొనుక్కుని, బయల్దేరే వేళకు కనీసం అరగంట ముందు లైన్లో ఉండండి. తిరుగు ప్రయాణం చివరి ఓడ ఎన్నింటికో పొద్దున్నే చూసుకోండి. అది తప్పితే బే మొత్తం చుట్టి ఇంటికి రావాలి.

క్రాన్‌బోర్న్, క్లైడ్, పాకెన్‌హామ్ వైపు ఉండేవాళ్ళకు ఈ బాధ లేదు. చాలా చోట్లకు గంటలోపే.

కారు లేకుంటే రైలు, బస్సు మీద అయితదా?

బీచ్‌లకు అవుతుంది, తోటలకు కాదు. ఫ్రాంక్‌స్టన్ లైన్ రైల్లో చివరి స్టేషన్ దాకా వెళ్ళడానికి గంటకు పైన పడుతుంది. అక్కడ 788 నంబరు బస్సు ఎక్కితే డ్రొమానా, రోజ్‌బడ్, రై, సొరెంటో మీదుగా పోర్ట్‌సీ దాకా తీరం వెంబడి పోతుంది. రైలుకూ బస్సుకూ ఒకే మైకీ కార్డు. రెడ్ హిల్, మెయిన్ రిడ్జ్ కొండల మీదికి ఈ బస్సు ఎక్కదు. అక్కడ టాక్సీ, ఊబర్ దొరుకుతాయన్న నమ్మకం పెట్టుకోవద్దు. పోయేటప్పుడు ఎలాగో దొరికినా వచ్చేటప్పుడు తోట గేటు దగ్గర నిలబడిపోతారు. కారు లేనివాళ్ళు మెల్‌బోర్న్ నుంచి వచ్చే మినీబస్సు టూర్ తీసుకోవడమే మేలు.

ఏ నెలలో పోతే బాగుంటది?

రుతువులు మనకు తలకిందులు. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఎండాకాలం, జూన్ నుంచి ఆగస్టు దాకా చలికాలం. మా ఓటు ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ మొదటి వారం దాకా, ఈస్టర్ రోజులు వదిలేసి. బడులు తెరుచుకుని జనం తగ్గుతారు. ఏడాదిలో సముద్రం నీళ్ళు కాస్త వెచ్చగా ఉండేది అప్పుడే, ద్రాక్ష కోత జరిగేదీ అప్పుడే. వెచ్చగా అంటే మన లెక్కలో కాదు. బే లో 20 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది, బాస్ స్ట్రెయిట్ వైపు ఇంకా తక్కువ.

మన పిల్లలు ఎండాకాలం సెలవుల్లో, అంటే మే, జూన్‌లలో అమ్మానాన్నలను పిలిపిస్తారు. అప్పుడు అక్కడ పొద్దు సాయంత్రం ఐదు దాటగానే గూకుతుంది, తీగలకు ఆకు ఉండదు, గాలి కోస్తుంది. ఆ నెలల్లో వచ్చేవాళ్ళు బీచ్ ఆశ వదిలేసి వేడినీటి ఊటలు, మంచి భోజనం, గోల్ఫ్ పెట్టుకోండి. ఇసుక నేల వాన నీటిని వెంటనే పీల్చేస్తుంది కాబట్టి చలికాలంలోనూ గోల్ఫ్ బాగానే సాగుతుంది.

డిసెంబర్‌లో రాత్రి ఎనిమిదిన్నర దాటేదాకా వెలుతురుంటుంది. అక్టోబర్ మొదటి ఆదివారం నుంచి ఏప్రిల్ మొదటి ఆదివారం దాకా మన సమయానికి ఐదున్నర గంటలు ముందు, మిగతా కాలం నాలుగున్నర గంటలు.

ఒక్క రోజే ఉంది. ఏం చూడాలె?

ముందు మధ్యాహ్న భోజనం ఎక్కడో తేల్చి బుక్ చేయండి, మిగతా రోజంతా దాని చుట్టూ అమర్చండి. చాలా తోటల రెస్టారెంట్లలో వంటగది మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకానే. మూడున్నరకు ఆకలితో చేరితే జున్ను పళ్ళెం తప్ప ఏమీ దొరకదు. మంగళ, బుధవారాలు చాలా చోట్ల మూసి ఉంటాయి.

పనిచేసే వరుస ఒకటి చెబుతాం. పొద్దున 10కి ఆర్థర్స్ సీట్ కొండ. పైకి ఈగిల్ అనే గొండోలా (తీగల మీద వేలాడుతూ పోయే పెట్టె) ఉంది, కారు కూడా నేరుగా పైదాకా పోతుంది. అక్కడి నుంచి రెడ్ హిల్ పదిహేను నిమిషాల దూరంలోపే. పదకొండున్నరకు ఒక సెల్లార్ డోర్ (అదేంటో కింది జవాబులో ఉంది), ఒంటిగంటకు భోజనం. మూడింటికి కొండ దిగి డ్రొమానా, రోజ్‌బడ్ వైపు ప్రశాంతంగా ఉండే బీచ్. ఐదున్నరకు తిరుగు ప్రయాణం. సొరెంటో, కేప్ షాంక్ లైట్‌హౌస్ కూడా ఇందులో ఇరికించాలని చూస్తే ఒక్కోదానికి గంటన్నర పోతుంది. అవి ఇంకో రోజుకు ఉంచండి.

సెల్లార్ డోర్ అంటే ఏంది? కొనకుంటే ఏమన్న అంటరా?

తోట దగ్గరే వైన్ రుచి చూపించి అమ్మే కౌంటర్. సాధారణంగా పొద్దున 11 నుంచి సాయంత్రం 5 దాకా తెరిచి ఉంటుంది. ఒక్కొక్కరికి రుసుము తీసుకుని ఐదారు రకాలు పోస్తారు. చాలా చోట్ల అది 10 నుంచి 25 డాలర్ల మధ్య ఉంటుంది, సీసా కొంటే అందులోంచి తగ్గించే తోటలు ఎక్కువ. కొనకపోయినా ఎవరూ ఏమీ అనరు. ఆరుగురికి మించి వెళ్తే మాత్రం ముందు ఫోన్ చేయాలి. చెప్పకుండా రెండు కార్ల జనం దిగితే లోపలికి రానివ్వకపోవచ్చు.

18 ఏండ్లు నిండని వాళ్ళకు పోయరు, కానీ పెద్దవాళ్ళతో పిల్లలు రావచ్చు. వయసు చిన్నగా కనిపించే వాళ్ళు పాస్‌పోర్ట్ దగ్గర ఉంచుకోవాలి. గ్లాసులో పోసినదంతా తాగాలన్న నియమం లేదు. కౌంటర్ మీద ఉండే పాత్రలో ఉమ్మేయడం, మిగిలింది పారబోయడం అక్కడ మర్యాద తప్పిన పని కాదు, తెలిసినవాళ్ళు చేసే పనే. ఘాటు సెంటు మాత్రం రాసుకోవద్దు. పక్కవాళ్ళకు వైన్ వాసన తెలియకుండా పోతుంది.

రోజుకు రెండు తోటలు చాలు. మూడో దాంట్లో నాలుకకు తేడా తెలియదు, ఖర్చు తెలుస్తుంది.

రుచి చూసుడే కదా, కారు నడపొచ్చా?

నడపొద్దు. లెక్క చూడండి. ఒక్కో రకం 30 మి.లీ. చొప్పున ఆరు రకాలు పోస్తే 180 మి.లీ. వైన్‌లో 13.5 శాతం ఆల్కహాల్ ఉంటే అది దాదాపు 19 గ్రాములు. ఆస్ట్రేలియా లెక్కలో 10 గ్రాములు ఒక ప్రామాణిక డ్రింకు. అంటే ఒక్క తోటలోనే ఇంచుమించు రెండు డ్రింకులు, రెండు తోటలైతే నాలుగు. ఒంట్లోంచి ఒక డ్రింకు దిగడానికి సుమారు గంట పడుతుంది. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో పూర్తి లైసెన్సు ఉన్న కారు డ్రైవరుకు రక్తంలో ఆల్కహాల్ 0.05 శాతం లోపు ఉండాలి. ఎల్ (నేర్చుకునేవాళ్ళు), పీ (కొత్తగా లైసెన్సు వచ్చినవాళ్ళు) ప్లేట్ల వాళ్ళకు సున్నా. ఇటీవలే లైసెన్సు తీసుకున్న మన పిల్లల్లో చాలామంది పీ ప్లేట్ మీదే ఉంటారు, ఒక్క గుక్క కూడా కుదరదు. పోలీసులు అనుమానం లేకపోయినా ఎవరినైనా ఆపి ఊదిస్తారు, తీరం రోడ్ల మీద సెలవు రోజుల్లో మరీ ఎక్కువ.

డ్రైవరు ఎవరో ఇంటి దగ్గరే తేల్చండి. వాళ్ళకు నచ్చిన సీసా ఒకటి కొనివ్వండి, ఇంటికొచ్చాక తాగుతారు.

ఏ వైన్ అడగాలె? మాకు పుల్లగ ఉంటే నచ్చదు.

ఈ ప్రాంతానికి పేరు తెచ్చింది పీనో న్వార్. లేత ఎరుపు రంగు, వగరు తక్కువ. తర్వాత షార్డొనే, పీనో గ్రీ అనే తెల్ల వైన్లు. మూడు దిక్కులా సముద్రం ఉండటంతో ఎండ తీవ్రత తగ్గి కాయ నెమ్మదిగా పండుతుంది, పులుపు నిలబడుతుంది. కాబట్టి పులుపు ఇక్కడి లోపం కాదు, లక్షణం. అది నచ్చని వాళ్ళు షార్డొనే దగ్గర మొదలుపెట్టొచ్చు. తియ్యగా కావాలంటే మోస్కాటో ఉందా అని అడగండి, అందులో ఆల్కహాల్ కూడా తక్కువ.

తెల్లవి ముందు, ఎర్రవి తర్వాత పోస్తారు. ఆ వరుస మార్చమని అడగవద్దు. ఎరుపు తాగాక తెలుపు చప్పగా తెలుస్తుంది. ఇంటికి తీసుకెళ్ళి కోడికూరతో తాగాలనుకుంటే పీనో గ్రీ లేదా రోజే (గులాబీ రంగు వైన్) కొనండి. ఆల్కహాల్ ఎక్కువున్న ఎర్ర వైన్ మన కారాన్ని ఇంకా మండిస్తుంది.

మాది బత్తాయి తోట. వాళ్ళు తోట ఎట్ల పెంచుతరో లోపలికి పోయి చూడొచ్చా?

అడిగి, వాళ్ళు వెంట వస్తేనే. సొంతంగా సాళ్ళలోకి దిగొద్దు. ఫిలాక్సెరా అనే చిన్న పురుగు వేర్ల రసం పీల్చి తీగను చంపేస్తుంది. దానికి మందు లేదు, తోట పీకేసి తట్టుకునే వేరుమొక్క మీద అంటుకట్టి మళ్ళీ నాటాలి. మెల్‌బోర్న్‌కు ఇంకో పక్కనున్న యారా వ్యాలీలో అది 2006లో బయటపడింది. చెప్పులకంటిన మట్టితో, బట్టలతో, కారు టైర్లతో అది ఊరు మారుతుంది. ముందురోజు యారా వ్యాలీకి పోయివచ్చిన బూట్లతో ఇక్కడికి రావడం ఎవరూ చెప్పని పెద్ద తప్పు. కడిగి ఆరబెట్టండి, కుదిరితే వేరే జత వేసుకోండి.

దారి మీంచి చూసినా రైతుకు చాలా తెలుస్తుంది. మన దగ్గర తినే ద్రాక్షను పందిరి మీదికి పాకిస్తారు. ఇక్కడ గుంజలకు తీగలు లాగి కొమ్మలను నిలువుగా కడతారు, ఆకుకు గాలి, కాయకు ఎండ తగిలేలా. మన నేలలో తీగ నిద్రపోదు, అందుకే ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి కత్తిరించి ఒక్క పంట తీస్తాం. ఇక్కడ చలికి తీగ తనే ఆకు రాల్చి పడుకుంటుంది, చలికాలంలో ఒక్క కత్తిరింపు చాలు. సముద్రపు తేమకు బూడిద తెగులు, కుళ్ళు తెగులు బెడద ఉంటుంది. కోతకు ముందు తెల్లని వలలు కప్పి ఉంటే అవి పక్షుల కోసం.

రెడ్ హిల్, మెయిన్ రిడ్జ్ నేల ఎర్రగా ఉండి మన చెల్కను గుర్తు చేస్తుంది. కానీ మన చెల్క గ్రానైటు రాయి నుంచి వచ్చిన పలచని ఇసుక నేల. ఇక్కడిది అగ్నిపర్వత రాయి నుంచి వచ్చిన లోతైన బంక నేల, తేమను పట్టి ఉంచుతుంది. కొండ మీది తోటలు కింది డ్రొమానా, మూరుడక్ తోటల కన్నా ఆలస్యంగా కోతకు వస్తాయి. కింద కోత అయిపోయిందని నిరాశపడకుండా పైకి వెళ్ళి చూడండి. కాయ మాత్రం తెంపొద్దు. అడిగితే చేతికి రెండు పండ్లిస్తారు. చిన్నవి, తోలు మందం, గింజలు ఎక్కువ, తియ్యదనం మన ద్రాక్షకన్నా చాలా ఎక్కువ.

మేం నీసు తినం. అక్కడ ఏమన్న దొరుకుతదా?

దొరుకుతుంది, బుక్ చేసేటప్పుడే చెప్పాలి. పెద్ద రెస్టారెంట్లలో నిర్ణీత మెనూ ఉంటుంది, మనిషికి 100 డాలర్లు దాటే చోట్లు ఉన్నాయి, కూర్చున్నాక మార్చడం కష్టం. వెజిటేరియన్ అని మాత్రమే చెబితే గుడ్డు, జున్ను వస్తాయి. గుడ్డు వద్దంటే విడిగా చెప్పండి. కొన్ని జున్నులు దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తో పేరబెడతారు, అది పట్టింపు ఉన్నవాళ్ళు అడగాలి. కట్టెల పొయ్యి మీద కాల్చే పిజ్జా ఉన్న తోటలు కుటుంబాలకు సులువు, చవక.

నీసు తింటాం గానీ గొడ్డుమాంసం వద్దు అనేవాళ్ళు మెనూలో ఈ మాటలు గుర్తుపట్టాలి. వాగ్యూ, బ్రెసావోలా అంటే గొడ్డుమాంసమే. టాలో అంటే గొడ్డు కొవ్వు, కొన్ని చోట్ల బంగాళదుంప చిప్స్ అందులోనే వేయిస్తారు. జూ అంటే మాంసం మరిగించిన రసం, కూరగాయల మీద కూడా పోస్తారు. ప్రొషుటో, లార్డ్ పందివి. ఫిష్ అండ్ చిప్స్ కొట్టులో ఫ్లేక్ అని ఉంటే అది చిన్న సొర చేప, ముళ్ళు ఉండవు, పిల్లలకు ఇబ్బంది లేదు. మందు ముట్టనివాళ్ళు సాసుల్లో వైన్ వేశారా అని అడగాలి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. వైన్‌ను తేటపరచడానికి గుడ్డు తెల్లసొన, పాల పదార్థం, చేప బంక వాడే పద్ధతులున్నాయి. గుడ్డు, పాలు వాడితే సీసా మీద రాయాలి. చేప బంకకు ఆ నియమం నుంచి మినహాయింపు ఉంది. కాబట్టి సీసా మీద ఏమీ రాయలేదని ధీమా పడొద్దు, వీగన్ (జంతువుల నుంచి వచ్చిందేదీ వాడనిది) అని రాసి ఉందో లేదో చూడండి.

టిప్పు ఇవ్వాల్సిన పనిలేదు. ప్రభుత్వ సెలవు రోజుల్లో బిల్లు మీద 10 నుంచి 15 శాతం అదనంగా వేస్తారు, అది మోసం కాదు, మెనూ అడుగున రాసే ఉంటుంది.

ఇంటి నుంచి సద్ది కట్టుకపోతే?

బీచ్ దగ్గరి పార్కుల్లో హాయిగా తినొచ్చు. డ్రొమానా, రోజ్‌బడ్ తీరంలో బల్లలు, డబ్బు కట్టకుండా వాడుకునే కరెంటు పెనాలు ఉంటాయి. ముందు వాడినవాళ్ళు మాంసం కాల్చి ఉంటారు, శాకాహారులు అల్యూమినియం రేకు పరుచుకోండి. పులిహోర, జొన్న రొట్టె, తొక్కు పెట్టెలో ఉంటే బయట భోజనం కోసం వెతుకులాట తప్పుతుంది. సీగల్ పక్షులు చేతిలో ముద్ద కూడా లాక్కుంటాయి, పెట్టె మూత తెరిచి పక్కకు పోవద్దు. తోటల ఆవరణలో బయటి తిండి చాలా చోట్ల ఒప్పుకోరు. బీచ్ మీద మందు తాగడం చాలా చోట్ల నిషేధం, బోర్డు చూడండి.

మా అల్లుడు గోల్ఫ్ ఆడుతడు. ఏ కోర్సుకు పోవచ్చు? ఆ లోపల మేమేం చేయాలె?

ఇక్కడి గోల్ఫ్ అసలు అందం రై, ఫింగల్, కేప్ షాంక్ మధ్య ఉన్న ఇసుక దిబ్బల్లో ఉంది. ది నేషనల్ సభ్యుల క్లబ్, సభ్యుడు పిలిస్తే తప్ప కష్టం. ఎవరైనా డబ్బు కట్టి ఆడగలిగేవి మూనా లింక్స్, ది డ్యూన్స్, సెయింట్ ఆండ్రూస్ బీచ్. మూనా లింక్స్‌లోని ఓపెన్ కోర్సులో 2003, 2005 ఆస్ట్రేలియన్ ఓపెన్ పోటీలు జరిగాయి. దాన్ని పీటర్ థామ్సన్, మైకేల్ వుల్వరిజ్ గీశారు. సెయింట్ ఆండ్రూస్ బీచ్ గీసింది టామ్ డోక్. ఒక్కటే ఆడగలిగితే మేం దీన్నే ఎంచుకుంటాం. నేలను తవ్వి మార్చకుండా దిబ్బల్లో ఉన్న పల్లాల్లోనే దారులు పరిచారు.

హైదరాబాద్‌లో బౌల్డర్ హిల్స్‌లోనో గోల్కొండ దగ్గరి నయా ఖిలాలోనో ఆడినవాళ్ళకు ఇక్కడ కొత్త ఇబ్బంది గాలి. మధ్యాహ్నం దాటితే సముద్రం వైపు నుంచి గట్టిగా వీస్తుంది. ఎత్తుగా లేపిన బంతిని గాలి ఎత్తుకుపోతుంది, నేల గట్టిది కాబట్టి తక్కువ ఎత్తులో కొట్టి దొర్లనివ్వాలి. దారి తప్పిన బంతి మూనా చెట్ల కింది పొదల్లో పోతే దొరకదు. ఎండాకాలం అక్కడ పాములుంటాయి, వెతకొద్దు. బంతులు డజను తీసుకెళ్ళండి.

కాలరున్న టీషర్టు, గుడ్డ ప్యాంటు వేసుకోవాలి. జీన్స్, మెటల్ స్పైకులు కుదరవు. కర్రలు అద్దెకు దొరుకుతాయి, ఎడమచేతి వాటమైతే ముందే చెప్పాలి. అక్కడ బగ్గీ అంటే చేత్తో లాగే బండి, కార్ట్ అంటే మోటారు బండి. ఫోన్లో బుక్ చేసేటప్పుడు ఈ తేడా తెలియక బగ్గీ తీసుకుని ఎండలో తంటాలు పడతారు. క్యాడీలు ఉండరు. కర్ర దెబ్బకు లేచిన గడ్డి గుంటను మీకిచ్చిన ఇసుకతో మీరే పూడ్చాలి, బంకర్‌లో (ఇసుక గుంటలో) అడుగులు మీరే చదును చేయాలి. వారం మధ్యలో, సాయంత్రపు ట్వైలైట్ సమయాల్లో ధర తగ్గుతుంది.

18 హోల్స్‌కు, అంటే పూర్తి ఆటకు, నాలుగు నుంచి నాలుగున్నర గంటలు, ముందు అరగంట. పొద్దున ఏడున్నరకు మొదలుపెడితే మధ్యాహ్నానికి చేతికొస్తాడు. ఆ లోపల మిగతావాళ్ళు అదే ఫింగల్‌లో ఉన్న వేడినీటి ఊటల్లో ఉండొచ్చు, కారులో కొద్ది నిమిషాలే. ఆటగాడితో పాటు కార్ట్‌లో కూర్చుని తిరగాలంటే ముందు అనుమతి అడగాలి.

ఎన్నడూ ఆడలేదు, ఒక్కసారి కొట్టి చూద్దామనుకుంటున్నం.

పెద్ద కోర్సు బుక్ చేయొద్దు. వెనక వచ్చే గుంపు ఆగిపోతే మార్షల్ వచ్చి పక్కకు జరగమంటాడు, డబ్బు తిరిగిరాదు. డ్రైవింగ్ రేంజ్‌లో (బంతి కొట్టడం సాధన చేసే చోట) బకెట్ బంతులు కొని గంటసేపు కొట్టండి, ఆ సరదా తీరుతుంది.

బీచ్‌లన్నీ ఒక్కతీరేనా? ఎక్కడ దిగొచ్చు?

కాదు, ఇది జాగ్రత్తగా చదవండి. బే వైపు ఉన్నవాటిని ఫ్రంట్ బీచ్ అంటారు: మౌంట్ మార్తా, సేఫ్టీ బీచ్, డ్రొమానా, రోజ్‌బడ్, రై. రోజ్‌బడ్, రైల దగ్గర చాలా దూరం దాకా మోకాలి లోతే. పిల్లలకు, పెద్దవాళ్ళకు ఇవే. రంగురంగుల చెక్క గదులు ఫొటోలకు బాగుంటాయి గానీ అవి సొంతదారులవి, మెట్ల మీద కూర్చోవద్దు.

అవతలి వైపువి బ్యాక్ బీచ్‌లు: గన్నమట్ట, రై బ్యాక్ బీచ్, పోర్ట్‌సీ బ్యాక్ బీచ్. చూడటానికి ఇవే గొప్పగా ఉంటాయి, ప్రాణాలు తీసేవీ ఇవే. పోర్ట్‌సీ అవతలి షెవియట్ బీచ్‌లో 1967 డిసెంబర్ 17న ఈతకు దిగిన ఆస్ట్రేలియా ప్రధాని హెరాల్డ్ హోల్ట్ తిరిగి రాలేదు, శవం కూడా దొరకలేదు. ఆయన ఈత బాగా వచ్చిన మనిషి. 2024 జనవరిలో పక్కనే ఉన్న ఫిలిప్ ఐలాండ్‌లో కాపలా లేని బీచ్ దగ్గర భారత మూలాలున్న నలుగురు మునిగిపోయారు.

బాయిలో, కాలువలో, నాగార్జునసాగర్ వెనక నీళ్ళలో ఈత నేర్చినవాళ్ళకు రిప్ అంటే తెలియదు. అలలు ఒడ్డుకు తెచ్చిన నీరంతా ఒక సన్నని దారిలో వెనక్కి సముద్రంలోకి పరుగెత్తుతుంది. మోసమేంటంటే, తెల్లని అలల మధ్య అలలు లేకుండా నల్లగా, నిదానంగా కనిపించే చోటే అది. ప్రశాంతంగా ఉందని అక్కడే దిగుతారు.

ఈ బ్యాక్ బీచ్‌లలో కాపలావాళ్ళు పాతే ఎరుపు, పసుపు జెండాల మధ్యనే దిగండి. జెండాలు లేకపోతే పాదాలు కూడా తడపొద్దు. బ్యాక్ బీచ్‌లలో కాపలా ఎండాకాలం వారాంతాలు, సెలవుల్లోనే ఎక్కువ. రిప్‌లో చిక్కితే ఒడ్డు వైపు ఈదొద్దు, అలసిపోయి మునుగుతారు. వెల్లకిలా తేలుతూ చేయి పైకెత్తండి, ఓపికుంటే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదండి. ఇంకొకరు కొట్టుకుపోతుంటే వెంట దూకొద్దు. తేలే వస్తువు ఏదైనా విసిరి, కాపలావాళ్ళను పిలిచి, 000కు ఫోన్ చేయండి. చీర, చుడీదార్ తడిస్తే బరువెక్కి కాళ్ళకు చుట్టుకుంటాయి. అలల దగ్గర నిలబడేవాళ్ళు కూడా ఇది గుర్తుంచుకోవాలి.

రాళ్ళ మధ్య నీటి గుంటల్లో నీలి వలయాలున్న చిన్న ఆక్టోపస్ ఉంటుంది. పిల్లలు పట్టుకోకూడదు, దాని విషానికి విరుగుడు మందు లేదు.

వేడినీటి ఊటలకు పోవాలంటే ఏం బట్టలు కావాలె?

నైలాన్, లైక్రా ఈత బట్టలు తప్పనిసరి. నూలు బట్టలతో దిగనివ్వరు. నిండు చేతుల రాష్ వెస్ట్, లెగ్గింగ్స్ లాంటి ఈత బట్టలు వేసుకోవచ్చు, మన ఆడవాళ్ళకు అదే సౌకర్యం. ముందే సమయం బుక్ చేయాలి. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరును అడిగి, ఒక్కో కొలనులో పది నిమిషాలకు మించి ఉండకుండా, నీళ్ళు తాగుతూ ఉండాలి. తాగి దిగొద్దు.

నాయనకు మోకాళ్ళ నొప్పులు, వైన్ అక్కర లేదు. మరి?

ఆర్థర్స్ సీట్ గొండోలా, సొరెంటో వీధి, మార్నింగ్టన్ రేవు బాగుంటాయి. నవంబర్ నుంచి ఏప్రిల్ మధ్య అయితే మెయిన్ రిడ్జ్‌లో స్ట్రాబెర్రీలు స్వయంగా కోసుకునే తోట ఉంది. సెప్టెంబర్ నుంచి మే దాకా నెలలో మొదటి శనివారం పొద్దున రెడ్ హిల్ సంత జరుగుతుంది, మధ్యాహ్నానికి సర్దేస్తారు. కేప్ షాంక్ లైట్‌హౌస్ 1859 నాటిది, పై నుంచి చూసి వచ్చేయండి, కింది తీరానికి మెట్లు చాలా ఉన్నాయి. పాయింట్ నేపియన్ కోటకు కారు చివరిదాకా పోదు, మిగతా దారి నడవాలి, లేదంటే సైకిల్. మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన కొత్తలో, 1914 ఆగస్టు 5న జర్మన్ ఓడను ఆపడానికి గుండు పేలింది ఇక్కడినుంచే. పాత శిక్షణ గుళ్ళు ఇంకా నేలలో ఉండొచ్చు కాబట్టి కాలిబాట దిగొద్దు.

ఇండియా లైసెన్సుతో కారు నడపొచ్చా?

తెలంగాణ లైసెన్సు కార్డు ఇంగ్లిషులోనే ఉంటుంది. అసలు కార్డు తెచ్చుకోండి, ఫోన్లో బొమ్మ చూపిస్తే అద్దె కారు ఇవ్వరు. బయల్దేరే ముందు మన ఆర్‌టీఏ ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కూడా తీసుకుంటే మంచిది. బండి ఎడమ పక్కే, మనలాగే. రౌండబౌట్‌లో కుడి నుంచి వచ్చేవాళ్ళకు దారివ్వడం అలవాటు చేసుకోవాలి, ఈ కొండల్లో అవి అడుగడుగునా ఉంటాయి. పొద్దుగూకాక కంగారూలు రోడ్డు దాటుతాయి. వేగం తగ్గించండి, తప్పించబోయి స్టీరింగ్ తిప్పేయొద్దు.

పచ్చళ్ళు, మిఠాయిలు విమానంలో తేవచ్చా?

తిండి ఏదున్నా దిగేటప్పుడు ఇచ్చే కార్డులో ఉందని రాయండి. రాస్తే మహా అయితే తీసేసుకుంటారు, దాచి దొరికితే జరిమానా. తాజా కరివేపాకు, మామిడిపండ్లు, విత్తనాలు, పాల మిఠాయిలు ఇంట్లోనే వదిలేయండి.

వాపసు వచ్చేటప్పుడు ఎన్ని సీసాలు తేవచ్చు?

సుంకం లేకుండా మనిషికి 2 లీటర్లు. సీసా 750 మి.లీ. కాబట్టి రెండు సరిపోతాయి, మూడోది పెడితే 2.25 లీటర్లై లెక్క దాటుతుంది. భార్యాభర్తలిద్దరూ అయితే చెరో రెండు, చెరో పెట్టెలో. దారిలో సింగపూర్‌లోనో కౌలాలంపూర్‌లోనో విస్కీ కొంటే అదీ ఈ రెండు లీటర్లలోకే వస్తుంది. చేతి సంచిలో కుదరదు, పెద్ద పెట్టెలో పెట్టాలి. ఒక్కో సీసాను ప్లాస్టిక్ సంచిలో కట్టి, స్వెటర్లో చుట్టి, పెట్టె నడుమ నాలుగు వైపులా బట్టలుండేలా పెట్టండి, అంచుకు ఆనితే పగులుతుంది. శంషాబాద్‌లో దిగాక మహబూబ్‌నగర్ దాకా ఎండాకాలం కారు డిక్కీలో పెడితే వేడికి బిరడా పైకి లేస్తుంది. సీసాలు ఏసీ ఉన్న వైపు, కాళ్ళ దగ్గర పెట్టుకోండి.